మెయిన్ ఆపినా వచ్చిన కరెంటు

మీటరు దాటిన కరెంటు మనది కాదు. విద్యుత్ శాఖలో చేరిన మొదటి వారంలో నాకు నేర్పిన మాట ఇది. స్తంభం మనది, తీగ మనది, మీటరు మనది. ఆ తర్వాత గోడలో ఏముందో, స్విచ్చి బోర్డు వెనక ఏముందో ఇంటివాళ్లు చూసుకోవాలి. మాట సరైనదే. ఒక్కో సెక్షన్ కింద వేల ఇళ్లుంటాయి. ప్రతి వంటగదిలోకీ మేం తొంగిచూస్తూ కూర్చుంటే స్తంభాలు ఎవరు ఎక్కుతారు? నా దగ్గర పనిచేసిన వాళ్లందరికీ నేనూ అదే నేర్పాను.

దాన్ని పక్కన పెట్టింది ఒకే ఒక్కసారి. కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు మా ఇంటికి వచ్చినప్పుడు, మీ సర్వీసులో చెప్పుకోదగ్గ పని ఏది మేడం అని అడుగుతుంటారు. ఏ సబ్‌స్టేషన్ గురించో, ఏ తుపాను గురించో చెబుతానని ఎదురుచూస్తారు. నేను ఒక కొళాయి గురించి చెబుతాను.

అప్పుడు నేను తిరుపతిలో అసిస్టెంట్ ఇంజనీరుని. మా సెక్షన్ అలిపిరి వైపు. ఫిబ్రవరి నెల, మంగళవారం. ఒక వీధిలో ఆడవాళ్లను కూర్చోబెట్టి ఇంట్లో కరెంటు ఎలా పొదుపు చేయాలో చెప్పమని పైనుంచి ఆదేశం వచ్చింది. నాతో మా లైన్ ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. ఉద్యోగ జీవితమంతా స్తంభాల మీద గడిపిన మనిషి. ఏ వీధిలో ఏ స్తంభం ఎటు ఒరిగిందో కళ్లు మూసుకుని చెప్పేవాడు. మీటింగులంటే మాత్రం ఆయనకు గిట్టదు. షామియానా గుంజకు ఆనుకుని, ఎప్పుడు అయిపోతుందా అన్నట్టు నిలబడ్డాడు.

నాకు లెక్కలంటే ఇష్టం. అందుకని ఆడవాళ్లకు లెక్కతోనే చెప్పాను. వెయ్యి వాట్ల వస్తువు గంట సేపు నడిస్తే ఒక యూనిట్. రెండు వేల వాట్ల గీజరు ఆ యూనిట్‌ను అరగంటలో తాగేస్తుంది. తొమ్మిది వాట్ల ఎల్ఈడీ బల్బు అదే యూనిట్‌తో నూట పదకొండు గంటలు వెలుగుతుంది. అంటే నాలుగున్నర రోజులు ఆపకుండా వేసినా అయిపోదు. కాబట్టి వరండాలో బల్బు ఆర్పలేదని పిల్లల్ని తిట్టే ముందు, గీజరు ఎంతసేపు వేసి మరిచిపోతున్నారో చూసుకోండి అన్నాను. నవ్వారు.

ఆ వీధిలో పొదుపు చేసేవాళ్లు ఎవరని అడిగితే అందరూ ముందు వరుసలో కూర్చున్న ఒకావిడను చూపించారు. వయసు యాభై దాటి ఉంటుంది. ఒకే వరుసలో కట్టిన ఐదు పోర్షన్లు ఆమెవి. మొదటి దాంట్లో ఆమె కుటుంబం, మిగతా నాలుగింట్లో అద్దెకున్నవాళ్లు. ఎవరి మీటరు, ఎవరి మెయిన్ వాళ్లదే. ఫ్రిజ్‌ను గోడకు జానెడు దూరం జరిపి పెట్టిందట. ఇస్త్రీ వారానికి ఒక్కసారేనట. ఊరికి వెళ్తే మెయిన్ ఆపి, తాళం వేసి, మళ్లీ తాళం తీసి మెయిన్ ఆపానో లేదో చూసుకుని వెళ్తుందట. నాకు ముచ్చటేసింది. అందరిచేతా ఆమెకు చప్పట్లు కొట్టించాను.

అవి ఆగకముందే ఆమె వెనక కూర్చున్న ఒక చిన్న వయసు అమ్మాయి లేచింది. ఆమె కోడలట. ఐదో నెల కడుపు కనబడుతోంది.

"మేడం, మెయిన్ ఆపేసినాక కూడా కొళాయిలో కరెంటు వస్తాదా?"

అందరూ గొల్లుమన్నారు. అత్త తల తిప్పకుండానే, నాకు చెబుతున్నట్టుగా, "ఇదే పాట మేడం. ఈ ఇంట్లో కాలుపెట్టిన కాడ్నించి ఇదే. గిన్నెలు తోమమంటే సాలు, కొళాయి షాక్ కొడతాదంట. మాకెవరికీ లేదు, ఈమెకు ఒక్కదానికే" అంది.

"కొత్త కోడలని కొళాయికి కూడా తెలిసిపోయినట్టుండాది" అని పక్కనుంచి ఎవరో అన్నారు. మళ్లీ నవ్వులు.

లైన్ ఇన్‌స్పెక్టర్ నా దగ్గరకు వంగి సంగతి చెప్పాడు. ఆ అమ్మాయి ఆఫీసుకు వచ్చి చెప్పుకుంటే జాలిపడి తాను రెండుసార్లు వచ్చి చూశాడట. టెస్టర్ పెడితే వెలగలేదట. రెండోసారి ఆమె కళ్లెదుటే మెయిన్ కూడా ఆపి చూపించాడట. భయం తప్ప ఇంకేమీ లేదని ఆయన తీర్మానం.

నేను ఆ అమ్మాయితో ఓర్పుగానే చెప్పాను. "మెయిన్ ఆపితే మీ ఇంటి కరెంటు ఆగిపోతుందమ్మా." ఆ మాట అన్నాక దాన్నే నాలో నేను ఇంకోసారి చెప్పుకున్నాను. మీ ఇంటి కరెంటు ఆగిపోతుంది. అది ఆగుతుందని ఎవరైనా చెప్పగలరు. పక్కింటి కరెంటు సంగతి నేను చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా.

మీటింగ్ అయ్యాక ఆ అమ్మాయిని పక్కకు పిలిచాను. ఎప్పుడు కొడుతుంది అని అడిగాను. తెల్లవారేముందు, పెరట్లో గిన్నెలు తోమేటప్పుడు అంది. ఒక్కోరోజు ఏమీ ఉండదట. మొదట్లో చీమ కుట్టినట్టుండేదట, ఈ మధ్య మోచేతిదాకా గుంజుతోందట. కాళ్లకు చెప్పులుంటాయా అన్నాను. తడిలో చెప్పులెందుకని అత్త అంటుందట. ఆ అత్తకేమో కాళ్ల పగుళ్లున్నాయి. డాక్టరు చెప్పాడని ఇంట్లో కూడా రబ్బరు చెప్పులు వేసుకునే తిరుగుతుందట. భర్త శ్రీ సిటీలో ఫ్యాక్టరీ పనికి కంపెనీ బస్సులో చీకటితోనే వెళ్లిపోతాడు. అమ్మ చెప్పినట్టు విను అనడం తప్ప అతనికి ఏమీ తెలియదు.

ఇంట్లోవాళ్లు ఆమెను నరాల డాక్టరుకు చూపించారు, చేతికి తాయెత్తు కట్టించారు. రెండూ పనిచేయలేదు. శుక్రవారం పలమనేరులో పుట్టింటికి పంపేయాలని నిర్ణయించారు. మనసు కుదుటపడ్డాక తెచ్చుకుంటామని చెప్పారట.

"కానుపుకైతే సంతోషంగా పోతాను మేడం. పిచ్చిదని పంపితే పోను" అంది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే నేను నాలుగు మంచిమాటలు చెప్పి వచ్చేసి ఉండేదాన్నేమో.

మధ్యలో రెండు తెల్లవారుజాములే ఉన్నాయి. జీపు ఎక్కాక, రేపు తెల్లవారి ఐదున్నరకు ఇక్కడికి రావాలని లైన్ ఇన్‌స్పెక్టర్‌తో చెప్పాను.

"మీటరు దాటినాక మనది కాదు అని మీరే కదా మేడం చెప్పేది."

"మీరు వచ్చిన రెండుసార్లూ ఎన్ని గంటలకు వచ్చారు?"

"పదకొండు అయ్యుంటాది. ఆఫీసుకు వచ్చి, సంతకం పెట్టి..."

"ఆమెకు కొట్టేది తెల్లవారి. మన సంతకాలు అయ్యేదాకా కరెంటు కాచుకుని కూర్చుంటుందా?"

బుధవారం నేను వెళ్లేసరికి నాకంటే ముందు వచ్చి, గడ్డం దాకా మఫ్లర్ చుట్టుకుని గేటు దగ్గర నిలబడి ఉన్నాడు.

ఇంటి వెనక ఐదు పోర్షన్లకూ కలిపి ఒకటే పొడవాటి పెరడు. ఒక చివర, దిమ్మ మీద, అందరికీ ఒకే నీళ్ల ట్యాంకు. అక్కడినుంచి వెనక గోడ పొడవునా ఒక ఇనుప పైపు. ఒక్కో పోర్షన్ దగ్గర ఒక్కో కొళాయి. నేను సంచిలోని సామాను బయటికి తీయకుండా ముందు ఆ ఐదు కొళాయిలూ చూసుకుంటూ నడిచాను. మీటింగులో అంత పేరు తెచ్చుకున్న ఇంటావిడ నా వెనకే వచ్చింది.

రెండో ఇంటి కొళాయి తిప్పే చోట పాత చీరపేలిక చుట్టి ఉంది. ఎందుకు కట్టావమ్మా అని అడిగాను. ఆ ఇంటామె ఓనరమ్మ వైపు ఒకసారి చూసి, "చలికాలం కదా మేడం, ఇనుము చల్లగా ఉంటాది చేతికి" అంది.

"ఎప్పుడు కట్టావు?"

"పోయిన ఎండాకాలం."

మూడో ఇంటివాళ్లు ఇనుప కొళాయి తీసేసి ప్లాస్టిక్‌ది బిగించుకున్నారు. అందంగా ఉంటుందనట. నాలుగో ఇంటామె ఎండ బాగా ఎక్కాకే నీళ్లు పట్టుకుంటుందట. తెల్లవారి చన్నీళ్లు ఒంటికి పడవని కారణం చెప్పింది. ఐదో ఇంట్లో ఒంటరిగా ఉండే ఒక అవ్వ, తలుపు దగ్గరగా వేసుకుని లోపల ఏదో పనిలో ఉంది.

మొదటి ఇంటి దగ్గరకు తిరిగివచ్చి మెయిన్ ఆపించాను. ఇంటావిడే స్వయంగా ఆపింది. కొళాయి దగ్గర తడినేలలో ఒక ఇనుపకడ్డీ దిగగొట్టించాను. మా దగ్గర టెస్ట్ ల్యాంపు ఉంటుంది. హోల్డరులో ఒక చిన్న బల్బు, దానికి రెండు వైర్లు, అంతే. ఒక వైరు కడ్డీకి కట్టి, రెండోది కొళాయికి తగిలించాను. అమ్మాయిని దూరంగా పొడినేల మీద నిలబడమన్నాను.

బల్బు వెలగలేదు.

పావుగంట చూశాం. మిగతా ఇళ్ల ఆడవాళ్లు గడపల్లో నిలబడ్డారు. ఇంటావిడ చేతులు కట్టుకుంది. "సూసినారు కదా మేడం. మీకు కూడా పని చెడగొట్టినాది" అంది. లైన్ ఇన్‌స్పెక్టర్ నావైపు చూడకుండా తన గడియారం చూసుకున్నాడు. అమ్మాయి మాత్రం బల్బును కాదు, నన్ను చూస్తోంది. నేను కూడా చేతులెత్తేస్తానేమోనని చూస్తోంది.

అప్పుడు ఐదో ఇంట్లోనుంచి గుర్రుమని ఒక మోత మొదలైంది. నా చేతిలోని బల్బులో తీగ ఎర్రబడింది. నిప్పు అంటుకున్న ఊదుబత్తి కొనలాగా, సన్నగా, కానీ ఆగకుండా వెలుగుతోంది.

ఇంటావిడ బల్బును చూసింది, వైర్లను చూసింది, గిరుక్కున లోపలికి వెళ్లింది. మెయిన్ ఆపి ఉందో లేదో మళ్లీ చూసుకుని బయటికి వచ్చింది. బల్బు ఇంకా వెలుగుతూనే ఉంది.

"ఆపే ఉండాది" అంది మెల్లగా.

లైన్ ఇన్‌స్పెక్టర్ అప్పటికే ఐదో ఇంటికి పరుగెత్తాడు. అవ్వా, ఒక నిమిషం ఆపు అని అరిచాడు. మోత ఆగింది, బల్బు ఆరిపోయింది. వేయమన్నాడు. వెలిగింది. ఆపమన్నాడు, ఆరింది. అన్నేళ్లు స్తంభాలెక్కిన మనిషి గిలక్కాయ దొరికిన పసివాడిలాగా ఆ పని నాలుగుసార్లు చేయించాడు.

లోపల అవ్వ గ్రైండరు ముందు ఒక చెక్క పీట మీద నిలబడి ఉంది. అలిపిరి దారిలో కొండకు నడిచివెళ్లే జనం కోసం పొద్దున్నే టిఫిన్ బండ్లు పెడతారు. వాళ్లకు మినప్పప్పుతో చేసే ఉద్దివడల పిండి రుబ్బి ఇవ్వడం ఆమె బతుకుతెరువు. దోసె పిండిలాగా ముందురోజు రుబ్బి పెడితే వడలు బాగుండవు, అప్పటికప్పుడు రుబ్బాలి. బండ్లవాళ్లు అడగని రోజు రుబ్బదు. ఆరోజు కొళాయి కూడా ఊరుకుంటుంది. పీట ఎందుకవ్వా అని అడిగాను.

"కొంచెం జిల్లుమంటాదమ్మా అది. పీట మీద నిలబడుకుంటే ఏమీ సేయదు. యా గ్రైండరు జిల్లుమనదు చెప్పు?"

ఆమెను తప్పుపట్టే పని లేదు. మోటారులోకి తడి దిగింది, ఆ సంగతి ఆమెకెలా తెలుస్తుంది? అసలు తప్పు గోడ వెనక ఉంది. దాన్ని ఇక్కడ కాస్త విడమరిచి చెప్పాలి, ఎందుకంటే మీ ఇంట్లో కూడా ఉండవచ్చు.

ప్లగ్గుకు ఉండే మూడో పిన్ను, ఆ లావుపాటిది, ఎర్తుది. వస్తువు లోపల చెడి దాని ఒంటికి కరెంటు పాకితే, ఆ పిన్ను దాన్ని నేలలోకి పంపేయాలి. అందుకు ఇంటి బయట గుంత తవ్వి, బొగ్గు, ఉప్పు వేసి, కడ్డీ పాతి ఎర్తు చేస్తారు. మీ గుంత ఎక్కడ అని ఇంటావిడను అడిగాను. ఇల్లు కట్టినప్పుడు, గుంత ఎందుకమ్మా దండగ, నీళ్ల పైపు ఎలాగూ భూమిలోకే పోతోంది కదా అని వైరింగ్ మేస్త్రి ఐదిళ్ల ఎర్తు వైరునూ ఆ ఇనుప పైపుకే చుట్టేశాడట. చాలా ఏళ్లు అది బాగానే నడిచింది. పోయిన ఎండాకాలం బోరు నుంచి ట్యాంకుదాకా నేలలో ఉన్న పైపు తుప్పుపట్టిందని ఆమె ప్లాస్టిక్ పైపు వేయించింది. తక్కువలో అయిపోయిందని సంతోషించింది కూడా. ఆ రోజునుంచి గోడమీది ఇనుప పైపుకు భూమితో సంబంధం తెగిపోయింది. అవ్వ గ్రైండరులోంచి దిగిన కరెంటు పైపులోకి వచ్చి, పోయే దారిలేక ఐదు కొళాయిల్లోనూ నిలబడి ఎదురుచూసేది. తడికాళ్లతో ఎవరు ముట్టుకుంటే వాళ్లే దాని దారి. సొంత ఇంటి మెయిన్ ఆపి లాభం ఏముంది?

ఆ వీధి మొత్తానికి పొదుపరి ఆమె. చేయకూడని చోట ఒక్కచోటే పొదుపు చేసింది. నేను ముందురోజే ఆమెకు చప్పట్లు కొట్టించాను.

బల్బు అందరూ చూశాక గడపల్లో ఉన్నవాళ్లకు మాటలొచ్చాయి. చీరపేలిక కట్టినామెకూ కొట్టేదట, ప్లాస్టిక్ కొళాయి వాళ్లకూ కొట్టేదట. నాలుగో ఇంటామె తెల్లవారి నీళ్లు పట్టకపోవడానికి కారణం కూడా అదే. ఓనరమ్మకు చెబితే ఇల్లు ఖాళీ చేయమంటుందేమోనని ఎవరి ఉపాయం వాళ్లు చేసుకుని ఊరుకున్నారు. ఐదిళ్లలో నోరు తెరిచి చెప్పింది ఒక్క కోడలు. పిచ్చిదనిపించుకుందీ ఆమె ఒక్కతే.

ఇంటావిడ అందరి మాటలూ విన్నది. పొడినేల మీద నిలబడ్డ కోడలి దగ్గరకు వెళ్లి, తన కాళ్లకున్న రబ్బరు చెప్పులు విడిచి ఆమె ముందు పెట్టింది.

"ఏసుకో. గుంత అయ్యేదాకా ఇయ్యి నీవి" అంది. ఆ తర్వాత వట్టికాళ్లతో వెళ్లి, అవ్వ గ్రైండరు ప్లగ్గు పీకమని లైన్ ఇన్‌స్పెక్టర్‌కు చెప్పి, తన గ్రైండరు మోయించి అవ్వ ఇంట్లో పెట్టించింది. ఆ ఉదయం టిఫిన్ బండ్లకు పిండి కాస్త ఆలస్యమైంది గానీ ఆగలేదు.

శుక్రవారం పలమనేరు ప్రయాణం జరగలేదు. ఆ రోజు ఆ పెరట్లో ఎర్తు గుంత తవ్వారు. అది చూడడానికి నేను వెళ్తే, లైన్ ఇన్‌స్పెక్టర్ సెలవు పెట్టుకుని వచ్చి, పంచె ఎగ్గట్టి, బొగ్గు ఎంత లోతున వేయాలో కూలీలతో వాదిస్తున్నాడు. మీటరు దాటినాక మనది కాదు కదా అన్నాను. "ఈ రోజు నేను డ్యూటీలో లేను మేడం" అన్నాడు. ఐదిళ్ల ఎర్తు వైర్లూ పైపునుంచి విప్పి గుంతకు కలిపారు. ఐదిళ్లలోనూ ట్రిప్పర్లు పెట్టించారు. మనిషి ఒంటిగుండా నేలలోకి కరెంటు జారడం మొదలుపెట్టగానే, కన్నుమూసి తెరిచేలోగా పడిపోయే చిన్న స్విచ్చి అది. అది పనిచేస్తోందో లేదో చూసుకోవడానికి దానిమీద ఒక బటన్ ఉంటుంది. నెలకొకసారి నొక్కితే పడిపోవాలి. పడిపోకపోతే మార్చాలి. ఆ బటన్ నొక్కే పని ఇంటావిడ తన కోడలికి అప్పగించింది. ఎండాకాలంలో గుంత ఎండిపోతే ఎర్తు పనిచేయదు కాబట్టి దాంట్లో బిందెడు నీళ్లు పోసే పని తనే పెట్టుకుంది.

ఆ అమ్మాయి ఏడో నెలలో చేతినిండా గాజులు వేయించుకుని పుట్టింటికి వెళ్లింది. ఆడపిల్ల పుట్టింది.

డిసెంబరులో ఒక ఉదయం ఇంటావిడ నాకు ఫోన్ చేసింది. "మేడం, ఆ ట్రిప్పర్ పడిపోయినాది. ఎన్నిసార్లు లేపినా పడిపోతా ఉండాది. చెడిపోయిందేమో."

ఇంట్లో ఏం వేసి ఉంది అని అడిగాను. పసిపాప స్నానానికి బకెట్లో నీళ్లు కాగబెడుతోందట. రాడ్డు వేసి ఉందట.

"అది పడిపోయినప్పుడు మీ చెయ్యి ఎక్కడుంది?"

"నీళ్లల్లో" అంది. కాగాయో లేదోనని రాడ్డు వేసి ఉండగానే నీళ్లలో వేలు పెట్టి చూడడం ఆమెకు ఎప్పటినుంచో అలవాటు. ఆ రాడ్డు లోపల చీలింది. ఆ ట్రిప్పర్ లేకపోతే ఆ మనిషి ఏమయ్యేదో మీకు నేను చెప్పనక్కర్లేదు. ట్రిప్పర్‌ను లేపొద్దు, ప్లగ్గు పీకి రాడ్డు పారేయండి అన్నాను. ఆ తర్వాత బకెట్ ఎత్తండి అన్నాను. సరే మేడం అని ఫోన్ పెట్టేసింది.

మరుసటి ఫిబ్రవరిలో అదే వీధిలో, అదే షామియానా కింద మళ్లీ మీటింగ్. ఈసారి నేను యూనిట్ల లెక్క రెండు ముక్కల్లో ముగించి, ఆ కోడలిని ముందుకు పిలిచాను. చంకలో పిల్లతో వచ్చింది. మేం తెచ్చిన ట్రిప్పర్ చేతిలో పట్టుకుని బటన్ ఎలా నొక్కాలో, గుంతలో నీళ్లు ఎందుకు పోయాలో, చీరపేలికలు చుట్టుకోవడం ఎందుకు పనికిరాదో చెప్పింది. వెనక వరుసలో ఒకావిడ, ఇవన్నీ భయస్తులకు, మా ఇంట్లో ఇన్నేళ్లుగా ఏమీ లేదు అంది.

ముందు వరుసలోంచి అత్తగారు లేచి వెనక్కి తిరిగింది. కిందటేడు కోడలిని చూడడానికి తల కూడా తిప్పని మనిషి.

"మా కోడలు షాక్ కొడతాదంటే, మెయిన్ ఆపినా కొడతాది. ముందు నీ కొళాయి పోయి సూసుకో."

ఆ వీధిలో ముప్పై నాలుగు ఇళ్లు. నేను అక్కడినుంచి బదిలీ అయ్యేనాటికి ముప్పై నాలుగింటికీ ఎర్తు గుంతలున్నాయి.